కొండమీది కోటలో పెదనాయన పలకలు

కొండమీద కోటలో ఉన్నవాళ్ళకు ఒకానొక పొద్దున కింది ఊరి నుంచి నీళ్ళు వెళ్ళకపోవడం నిజంగా జరిగిందా? లేక మా పెదనాయన కల్పించి చెప్పాడా? చిన్నప్పటి నుంచి ఈ ప్రశ్న నా వెంటే ఉంది. చరిత్రలో ఎమ్మే చేసినా, మార్కాపురంలో డిగ్రీ పిల్లలకు ఆ చరిత్రే పాఠంగా చెబుతున్నా, అది నన్ను వదల్లేదు. జవాబు చెప్పగలిగిన ఒక్క మనిషీ పోయిన నెల వెళ్ళిపోయాడు.

ఫోన్ చేసింది పెద్దమ్మ. నేను కాలేజీలో స్టాఫ్ రూంలో ఉన్నాను. "పాపా, మీ పెదనాయన పోయినాడే" అంది. గొంతులో ఏడుపు లేదు, ఇంకా కోపమే ఉంది. "టీ తెచ్చిస్తే, ఇది టీనా, గొడ్లు కడిగిన నీళ్ళా అన్నాడు. నేను అటు తిరుక్కుంటి. తిరిగి జూస్తే గ్లాసు చేతిలో ఉండాది, మనిషి లేడు. ఆకరి మాట గూడా తిట్టే!"

ఇది చదివేవాళ్ళలో కొందరు మా ఊరి హైస్కూల్లో ఆయన దగ్గర సోషల్ చదువుకుని ఉంటారు. కొందరు దుర్గం చూడ్డానికి వచ్చి బిందె మోసి ఉంటారు. వాళ్ళకు ఆయన్ను పరిచయం చేయనక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెబుతాను. ఆయన మంచి మనిషి అని రాయలేను. సంతాప సభలో ఆ మాట చాలామంది అన్నారు, ఒకాయన కళ్ళు కూడా తుడుచుకున్నాడు. ఆ ఒకాయన్నే పెదనాయన "ఎనిమిదో తరగతిలో నిద్రపోయినోడు, ఇంకా లేవలేదు" అనేవాడు.

మార్కాపురం నుంచి గిద్దలూరు పోయే దారిలో కంభం దాటాక బోడిగుట్టలు వరసగా కనబడతాయి. అందులో ఒకటి మాది. దాని నెత్తిన కోట. ఎవరు కట్టారో తెలియదు. గజపతులని కొందరు, విజయనగరం వాళ్ళని కొందరు అంటారు. మా తాతముత్తాతలే అనేవాళ్ళు ఊళ్ళో ప్రతి వీధికీ ఉన్నారు. ఎన్నికలప్పుడు వాళ్ళ సంఖ్య పెరుగుతుంది. పెదనాయనకు ఈ తగాదా అంటే ఒళ్ళుమంట.

"ఎవుడు గడితే ఏంది? నీళ్ళు లేని గుట్ట మీద ఇల్లు గట్టుకున్నోడికి బుద్ధుందా లేదా, ముందు అది తేల్చండి" అనేవాడు.

పైన నీళ్ళంటే ఒక్క రాతిదొన. వానాకాలం నిండుతుంది. శివరాత్రికల్లా అందులో కప్పలు కూడా ఉండవు. కోటకు రాజవాకిలి తూర్పున ఉంది, ఏనుగు పట్టేంత. వెనకవైపు దిడ్డివాకిలి ఉంది, బిందె సంకనెత్తుకున్న మనిషి ఒదిగి దూరేంత. కింది ఊళ్ళో బావి నుంచి ఆ దిడ్డి దాకా బండమీద అరిగిన సన్నదారి ఒకటి ఉంది. పెదనాయన జీవితమంతా ఆ దారి మీదే గొడవపడ్డాడు.

కొన్నేళ్ళ కిందట పైనున్న ధాన్యపు కొట్టును మ్యూజియం చేశారు. సున్నం కొట్టి, అద్దాల పెట్టెలు పెట్టి, ఇనపగేటు బిగించి, రిబ్బను కత్తిరించి పోయినవాళ్ళు మళ్ళీ గుట్ట ఎక్కలేదు. ఉద్యోగంలోంచి దిగి ఇంట్లో అందరి ప్రాణం తీస్తున్న పెదనాయన చేతికి తాళంచెవి వచ్చింది. ఇచ్చినవాళ్ళకు ఆయన మీద గౌరవం ఉండి ఇచ్చారని నేననుకోను. ఆ ఎండలో రోజూ గుట్ట ఎక్కే పిచ్చివాడు ఇంకొకడు దొరకలేదు, అంతే.

మొదటిరోజు ప్రతి వస్తువు కిందా ఫ్లెక్సీ ముక్క అంటించి ఉంది, రంగురంగుల అక్షరాలతో. తిరగలి రాయి కింద "రాణివారి ఆభరణముల పీఠము" అని. పశువుల తొట్టి కింద "స్నానఘట్టము" అని. పెదనాయన అన్నీ పీకి, చుట్ట చుట్టి, గుట్ట కింద గొర్లదొడ్డి పెట్టుకున్న ఆయనకు ఇచ్చాడు, పిల్లలమీద ఎండ పడకుండా కప్పుకొమ్మని. "సార్, దీనిమీద రాతలున్నాయే" అన్నాడట ఆయన. "ఉండనీలే. గొర్రెపిల్లలైతే చదవవు. చదివి చెడిపోయేది మనమే" అన్నాడట ఈయన.

తర్వాత బస్సెక్కి మార్కాపురం వచ్చాడు. మా ఊరివైపు వాళ్ళకు పలకంటే మార్కాపురమే. ప్లాస్టిక్ పలకలొచ్చాక అమ్ముడుపోనివి, చెక్క ఊడినవి, అంచు విరిగినవి ఒక కట్ట అడిగి తెచ్చుకున్నాడు. ఒక్కో వస్తువు పక్కన మేకు కొట్టి, ఒక్కో పలక తగిలించి, బలపంతో రాశాడు. ఇప్పటికీ కొన్ని నాకు నోటికి వచ్చు.

"రాతి గుండు. ఎవరిని కొట్టాలని తెచ్చారో వారికి తగల్లేదు. ఇక్కడే ఉంది."

"దీపపు కంబం. కోటదో గుడిదో తెలియదు. పోయిన నెల గుడిదన్నాను."

"కత్తి. పదును లేదు. ఎప్పుడైనా ఉన్న గుర్తులూ లేవు."

ఈ కత్తి దగ్గర ఆగాలి. దాన్ని మ్యూజియానికి ఇచ్చింది మా ఊరి ప్రెసిడెంటు, ఎనిమిదో తరగతిలో నిద్రపోయిన ఆ ఒకాయనే. వాళ్ళ వంశంలో ఒకాయన కోట వాకిట్లో నిలబడి, ఆ కత్తితో శత్రువును ఆపి, అక్కడే ప్రాణం విడిచాడని వాళ్ళింట్లో చెప్పుకుంటారు. ఎవరా శత్రువు అంటే చెప్పరు. ప్రెసిడెంటు ఒకసారి మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చి పలక చదివాడు.

"ఏంది సార్ ఇది? మా ఇంటి కత్తికి పదును లేదని రాసినారే!"

"వేలు పెట్టి జూడు నాయనా. తెగితే తుడిచేస్తా."

ఆయన వేలు పెట్టలేదు. తెగుతుందని భయమో, తెగదని భయమో నాకు తెలియదు.

నేనొకసారి అడిగాను, ఇంత ప్రింటింగ్ ఉన్న కాలంలో ఈ పలకలెందుకని. "తుడుచుకోనీకి. రాతిమీద చెక్కినోడు తప్పు ఒప్పుకోలేడే పాపా, రాయిని ఏం జేస్తాడు? పలకమీద రాసినోడికి ఒక గుడ్డపేలిక ఉంటే చాలు" అన్నాడు. ఆ మాట మీద నేను ఉద్యోగం చేస్తున్నాను. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు, నాకు తెలియదు అని చెప్పడానికి నోరు వస్తుందంటే అది ఆయన పెట్టిన భిక్షే. మా డిపార్ట్‌మెంట్‌లో దాన్ని ప్రిపేరవకపోవడం అంటారు.

ఇక బిందెల సంగతి. మ్యూజియానికి టికెట్టు లేదు. గుట్ట కింద బావి దగ్గర ప్లాస్టిక్ బిందెలు వరసగా ఉండేవి. సిమెంటు బల్ల మీద పెదనాయన గొడుగు పట్టుకుని కూర్చునేవాడు. పైకి వెళ్ళదలచినవాళ్ళు తలా ఒక బిందె నింపుకుని, దిడ్డిదారిన ఎక్కాలి. రాజవాకిలి గేటుకు తాళం. పైన తాగేందుకూ, వేపమొక్కలకూ, పలకలు తుడిచేందుకూ ఆ నీళ్ళే. తిట్టుకుంటూ మోసేవాళ్ళు కొందరు, నవ్వుకుంటూ మోసేవాళ్ళు కొందరు. సెల్ఫీల కోసం వచ్చిన కుర్రాళ్ళు సగం దారిలోనే సగం ఒలకబోసుకునేవాళ్ళు. వాళ్ళను చూసి, "పాపం, రాజుగారు ఈ పూట నడుము దాకానే తానం జేస్తాడు" అనేవాడు.

ఒకసారి జీపులో ఒక ఆఫీసరు వచ్చాడు. బిందె మాట వినగానే వెనక నిలబడ్డ అటెండర్ వైపు చూశాడు. అటెండర్ వంగి బిందె ఎత్తుకున్నాడు. పెదనాయన గొడుగు అడ్డం పెట్టాడు.

"ఆయన బిందె నువ్వు మోస్తే కోట సూసింది నువ్వయితావు, ఆయన గాదు. ఆయన్ని జీపులో కూసోమను. నువ్వు పోయి సూసిరా."

ఆఫీసరు జీపులోనే కూర్చున్నాడు. అటెండర్ చూసి వచ్చాడు. తాళంచెవి మాత్రం పెదనాయన దగ్గరే ఉండిపోయింది. కారణం ముందే చెప్పాను, ఇంకొకడు దొరకలేదు.

పైకి చేరాక, దిడ్డివాకిలి దగ్గర బిందెలు దించి రొప్పుతున్నప్పుడు ఆ కత చెప్పేవాడు. ఎన్నిసార్లు విన్నా ఒకటే కత, ఒకటే అభినయం.

"తెల్లారింది. రాజు మొకం కడుక్కుందామని కూసున్నాడు. సేవకుడు చెంబు వంచినాడు. ఒక సుక్క పడింది. ఏంరా అన్నాడు. నీళ్ళు రాలేదు దొరా. ఎందుకు రాలేదు? తెలీదు దొరా, కింద బావి కాడ ఆడోళ్ళు కూసోనుండారు, లేయడం లేదు. కొట్టండ్రా అన్నాడు. కొట్టనీకి దిగినోళ్ళు బావి కాడ నీళ్ళు తాగి నీడన పండుకున్నారు, పైకి రాలా. ఆ మర్నాడు గుర్రాలు పడిపోయినాయి. ఇంగ రాజే దిగొచ్చినాడు, దిడ్డిదారినే. ఏనుగు పట్టే వాకిలుండి, వంగి వంగి దిగినాడు. బావి కాడ దోసిలి బట్టినాడు. యుద్ధం లేదు, పాడు లేదు. కోట అయిపోయింది. ఇంగ పాండి, పలకలు సదువుకోండి."

దిడ్డివాకిలి పక్కన పలకమీద ఈ కత మూడు వాక్యాల్లో ఉండేది. "ఈ వాకిట నీళ్ళు వచ్చేవి. ఒక రోజు రాలేదు. కోట అయిపోయింది." మిగతా పలకలన్నీ ఆయన ఎన్నోసార్లు తుడిచి రాశాడు. ఈ ఒక్కదాన్ని తుడవగా నేను చూడలేదు.

యూనివర్సిటీ నుంచి సెలవులకు వచ్చినప్పుడు, కొత్తగా నేర్చుకున్న మాటలు నోట్లో కుదురుగా ఉండక, అడిగాను.

"పెదనాయనా, దీనికి ఆధారమేంది? శాసనం ఉందా? ఎవరన్నా రాసిపెట్టినారా?"

"నీళ్ళు మోసేటోళ్ళు శాసనాలు రాస్తారా?"

"రాయరు. అట్లని మనం చెప్పిందంతా నిజమయితదా? ప్రెసిడెంటోళ్ళ కత్తికి మటుకు ఆధారం అడిగితివే."

ఆయన నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఎనిమిదో తరగతిలో నిద్రపోయినవాణ్ణి చూసే చూపు. "పోయి బిందె మోసుకోని రా. సగం దారిలో నిలబడుకోని, ఎవురి కోసం మోస్తాండానని నిన్ను నువ్వు అడుక్కో. ఆడ దొరుకుతాది ఆధారం" అన్నాడు. అది జవాబు కాదు. జవాబు లేనివాడు గద్దించే గద్దింపు. అప్పుడూ అట్లే అనుకున్నాను, ఇప్పుడూ అట్లే అనుకుంటున్నాను. కానీ మోసుకొచ్చాను. సగం దారిలో నిలబడ్డాను కూడా. భుజం లాగింది, ఆధారం దొరకలేదు.

ఇంకొక విషయం దాచను. రాజుల్ని అంత ఈసడించిన మనిషి, బిందెను అంత గొప్పచేసిన మనిషి, ఒక్కనాడూ బిందె ఎత్తిన పాపాన పోలేదు. గుట్ట ఎక్కేటప్పుడు ఆయన చేతిలో గొడుగే. ఇంట్లో మంచినీళ్ళు పెద్దమ్మ తెచ్చేది, ట్యాంకరు దగ్గర నెట్టుకుని. ఒకసారి ఊరికాని ఊరి టీచర్లు కొందరు ఇంటికొచ్చి, సార్ ఉపన్యాసం ఎంత బాగుందో పొగుడుతుంటే, పెద్దమ్మ వాకిట్లో బిందె దించి, చెంగుతో మెడ తుడుచుకుంటూ అంది.

"అవునయ్యా, కొండమీది రాజు దిగొచ్చినాడంట. మా ఇంట్లో రాజు మంచం కూడా దిగడు."

టీచర్లు నవ్వాలో వద్దో తెలియక పెదనాయన వైపు చూశారు. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

సభ హైస్కూలు ఆవరణలో జరిగింది. స్టేజి వెనక ఫ్లెక్సీ. గొర్రెపిల్లలకు కప్పడానికి కూడా పనికిరాదు అది, అన్ని కళ్ళు చెదిరే రంగులు. మధ్యలో పెదనాయన ఫొటో, ఎక్కడిదో రేషన్‌కార్డుకు తీసినట్టు. వెనక మా గుట్ట కాని గుట్ట, మా కోట కాని కోట. పక్కన గుర్రమ్మీద కత్తి దూసిన రాజొకడు, ఏ సినిమా వాల్‌పోస్టర్ నుంచి దిగాడో. "కోటే ఊపిరిగా బ్రతికిన మహనీయులు" అని కింద. ఆయన దాన్ని బతికినన్నాళ్ళూ "దిక్కుమాలిన గుట్ట" అనే పిలిచాడు. మాట్లాడిన ప్రతి ఒక్కరూ తమ గురించి మాట్లాడి, చివర్లో సారు లేని లోటు తీరనిది అన్నారు. లోటు తీరనిదని చెప్పి వెంటనే టిఫిన్ల వైపు నడిచారు. ప్రెసిడెంటు ఆఖర్న లేచి ప్రకటించాడు. కోట రాజవాకిలి తెరుస్తారట. దాని పక్కన నల్లరాయి నిలబెడతారట, రాయికి ముందే చెప్పేశారట. దానిమీద కోట చరిత్ర, కింద సారు పేరు. "మ్యాటరు రాసేది మన మేడమే! సారు తమ్ముడి కూతురు, యూనివర్సిటీలో సదువుకున్న మనిషి!" అందరూ చప్పట్లు కొట్టారు. నన్నెవరూ అడగలేదు.

తర్వాత ప్రెసిడెంటును షామియానా పక్కన ఆపి అడిగాను.

"ఏం రాయమంటావన్నా?"

"పెద్దగా ఏం వద్దులే చెల్లెమ్మా. మా తాతలనాటి ఆయన వాకిట్లో అడ్డం నిలబడి పోరాడినాడని నాలుగు ముక్కలు. కింద, 'చరిత్రను చెప్పినవారు' అని సారు పేరు. పేద్ద అక్షరాల్తో ఏయిద్దాం."

"ఆయన అట్ల చెప్పలేదు గదన్నా."

"చెప్పకపోతే ఏముందిలే. ఇప్పుడొచ్చి కాదంటాడా ఏంది?"

అంత ప్రేమగా అన్నాడు ఆ మాట. "మరి ఆయన చెప్పింది నీళ్ళ కత గదా, అదే రాస్తే?" అన్నాను.

"నీళ్ళ కతా! ఊరోళ్ళు నీళ్ళు తేకుండా కూసుంటే కోట పోయిందని రాతిమీద రాసుకోమంటావా? బయటోళ్ళు వచ్చి సదివి ఏమనుకుంటారు? ఈ ఊరోళ్ళు ఉప్పుదిన్న ఇంటికే ద్రోహం జేసినారు అనరా? సరే, అదీ పోనీ. దానికి ఆధారముందా చెల్లెమ్మా? నువ్వు సదువుకున్నదానివి, నువ్వే జెప్పు."

"లేదు."

"మాదానికీ లేదు. రెండిట్లో దేనికీ లేనప్పుడు ఇనేదానికి బాగుండేది రాసుకుందాం. దాంట్లో తప్పేముంది?"

ఎనిమిదో తరగతిలో నిద్రపోయినవాళ్ళ నుంచి ఇలాంటి తర్కం వస్తుందని పెదనాయన నాకు చెప్పలేదు. ప్రెసిడెంటును అసహ్యించుకోవడం తేలిక. పట్టుచొక్కా, బొటనవేలి ఉంగరం, చచ్చినవాడి నోట్లో తన మాట కూరే ఆ నిబ్బరం. కానీ ఆధారముందా అన్నాడు కదా, అదే ప్రశ్న నేనూ అడిగినదే, అదే గుట్టమీద, జవాబు చెప్పాల్సిన మనిషినే.

సభ అయ్యాక పెద్దమ్మ దగ్గర కూర్చున్నాను. ఆమె సభకు రాలేదు. "ఆ పొగడ్తలు ఇంటే ఆయన కాదేమో, ఇంకెవురో పోయినారేమో అనిపిస్తాదిలే" అంది. చిక్కుళ్ళు ఒలుస్తోంది. రాయి సంగతి, ప్రెసిడెంటు సంగతి చెప్పాను. నీళ్ళ కత నిజమో కాదో తెలియకుండా ఎలా రాయను అన్నాను. ఆమె చేతులు ఆగలేదు.

"కోటలో ఏం జరిగిందో నాకేం ఎరుక. ఈ ఇంట్లో మాత్రం జరిగింది."

"ఏంది జరిగింది?"

"పెండ్లయిన కొత్తలో. కూరలో ఉప్పెక్కువైందని కంచం ఇసిరికొట్టినాడు, మా అత్త, అదే మీ జేజి ముందర. నేనేం అనలా. తెల్లారి బిందె బోర్లించినా."

చదివేవాళ్ళలో మా వైపు ఆడవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. ఇంట్లో మాట పడలేనిదైతే వాళ్ళు అరవరు. ఖాళీ బిందెను గడప మీద బోర్లించి పక్కన కూర్చుంటారు. ఎవరి వల్ల బోర్లించాల్సి వచ్చిందో ఆ మనిషి వచ్చి బిందెను తిప్పి నిలబెట్టిందాకా ఆ గడప దాటి నీళ్ళు లోపలికి రావు.

"మద్యాన్నానికి ఇంట్లో సుక్క లేదు. మీ జేజి నన్ను తిడతాదేమో అనుకుంటి. ఆమె గూడా వచ్చి నా పక్కనే కూసునె. ఎన్నేండ్ల కోపమో ఆమెది! గొడ్లు అరిసినాయి. ఈయన ఇంట్లోనే అటూ ఇటూ తిరిగినాడు, దాటనీకి లేదు, బిందె అడ్డం. సందేళకు వంగి తిప్పినాడు."

"బావికి పోయినాడా మరి?"

"ఆయన పోతాడా! తిప్పినాడు, అంతే. నేనే పోతి." చిక్కుడుకాయ ఒకటి పురుగుదని పారేసింది. "ఆ తర్వాతనే ఈ కోట కత చెప్పబట్టినాడు బడి పిల్లోళ్ళకు. అంతకుముందు ఉండాదో, నన్ను జూసి అల్లుకున్నాడో. నేనడగలా, ఆయన చెప్పలా."

"బిందె బోర్లించేది నీకెవురు నేర్పినారు పెద్దమ్మా?"

"మా అమ్మ."

"ఆమెకు?"

"వాళ్ళమ్మ. ఏందే నీ యాగీ, కోర్టులో అడిగినట్టు. అన్నానికి లెయ్."

నేను గుప్పెడు చిక్కుళ్ళు తీసుకుని ఒలవసాగాను. అంటే ఆ మనిషి, తనకు జరిగిన అవమానాన్ని రాజు నెత్తిన పెట్టి, కొండమీద నిలబెట్టి, జీవితాంతం దాన్ని చూసి నవ్వాడా? దోసిలి పట్టి నిలబడ్డది తనేనా? అదే నిజమైతే అంతమంది చేత బిందెలు మోయించడం ఏ రకం క్షమాపణ? పెద్దమ్మ బిందె ఒక్కటి మోస్తే సరిపోయేది కదా. లేదంటే అటునుంచి ఆలోచించాలి. ఈ ఊరి ఆడవాళ్ళు తల్లి నుంచి బిడ్డకు నేర్పుకుంటూ వచ్చిన ఆ పద్ధతి ఎక్కడ మొదలై ఉంటుంది? ఏ బావి దగ్గర, ఏ పొద్దున? పెద్దమ్మ గడప మీద బోర్లించినదే ఆ కోట తాలూకు ఆధారమా? తరగతిలో ఏ పిల్లయినా ఇలా రాస్తే నేను మార్కులు వెయ్యను. "ఊహ" అని ఎర్రసిరాతో రాస్తాను.

మర్నాడు పెద్దమ్మ దగ్గర తాళంచెవి తీసుకుని, బిందె ఎత్తుకుని దిడ్డిదారిన ఎక్కాను. బావి దగ్గర సిమెంటు బల్ల ఖాళీగా ఉంది. బిందెలు మాత్రం వరసగానే ఉన్నాయి, ఎవరో కడిగి పెట్టారు. రాజవాకిలి దగ్గర జేసీబీ నిలబడి ఉంది, దారి వెడల్పు చేయడానికట. ఇకమీదట కోట చూడ్డానికి వచ్చేవాళ్ళు కారులో వచ్చి, నల్లరాయి పక్కన ఫొటో దిగి, కారులో పోతారు. రాజు దిగివచ్చిన దారిన తుమ్మచెట్లు మొలుస్తాయి.

ధాన్యపు కొట్టు తాళం తీశాను. పలకలన్నీ ఉన్నాయి. దీపపు కంబం పలకమీద కొత్త వాక్యం ఉంది, నేను చూడనిది. "గుడిదని అన్నది కూడా తప్పేమో." పోయేముందు వారమో, ఇంకా ముందో రాసి ఉంటాడు. అక్షరాలు వంకరపోయాయి.

అప్పుడే ఫోన్ మోగింది. రాయి చెక్కే ఆయన.

"మేడమ్, రాయి పాలిష్ అయిపోయింది. అద్దంలాగా ఉండాది. మ్యాటరు పంపలేదే మీరు?"

"రెండు రోజులాగండి."

"ప్రెసిడెంటు గారు ఆయన రాసింది పంపిస్తానంటాండారు మేడమ్, మీరు లేటయితే."

పెట్టేశాను. దిడ్డివాకిలి పలక మేకు నుంచి తీశాను. మూడు వాక్యాలూ ఉన్నాయి. నా మనసులో ఉన్నది చిన్న మార్పు. "ఒక రోజు రాలేదు" అన్నచోట "ఒక రోజు రాలేదని చెబుతారు" అని రాద్దామని. మా చదువుకున్నవాళ్ళ గోడమీది పిల్లి మాట. అది రాస్తే నేను అబద్ధం ఆడినట్టు కాదు, ఆయన్ను కాదన్నట్టూ కాదు, రాతిమీదకు కూడా అదే పంపొచ్చు. గుడ్డపేలికను బిందెలో ముంచి, పిండి, పలకంతా తుడిచాను. నల్లగా, మెరుస్తూ, ఏమీ లేకుండా అయింది. ఆయన ఎన్నడూ తుడవనిదాన్ని నేను తుడిచేశాను. బలపం కోసం కిటికీ గూట్లో చెయ్యి పెట్టి వెతికాను.

బలపం దొరికి వెనక్కి తిరిగేసరికి పలక ఆరుతోంది. పలకమీద దిద్దుకున్నవాళ్ళందరికీ తెలుసు, ఏళ్ళతరబడి ఉన్న రాత ఒక్క తడిగుడ్డకు పోదు. తడిగా ఉన్నంతసేపే పోయినట్టుంటుంది. అంచుల నుంచి లోపలికి ఆరుతూ వచ్చింది. "నీళ్ళు" ముందు తేలింది. తర్వాత "రాలేదు." ఆ తర్వాత, ఆయన అక్షరాల కింద, ఇంకా సన్నగా, ఇంకా పాతగా, వేరే గీతలేవో తేలాయి. ఎండకు పట్టుకుని చూశాను. అక్షరాల్లాగే ఉన్నాయి. చదవడానికి రాలేదు. దీన్ని కూడా ఆయన ఎప్పుడో ఒకసారి వేరేగా రాసి, తుడిచి, మళ్ళీ రాశాడా? లేక మార్కాపురంలో ఎవరో పలక గట్టితనం చూడటానికి గీకిన పిచ్చిగీతలా?

రాయి ఇంకా ఖాళీగా ఉంది. ఆ పొద్దున నీళ్ళు ఆగాయో లేదో నాకు తెలియదు. ఆగాయని రాతిమీద రాయాలో, చెబుతారని రాయాలో, అసలు రాయనని చెప్పాలో నేనింకా తేల్చుకోలేదు. పలక మళ్ళీ తడిపాను. మళ్ళీ ఆరిందాకా చూస్తూ నిలబడ్డాను.